చీరతో పాటు దాని చరిత్రనూ దాచుకుందాం



మ్యూజియంలో క్యూరేటర్ అంటే పాత వస్తువులకు కాపలా కాసే మనిషని చాలామంది అనుకుంటారు. కాపలా మా పనిలో ఒక భాగం మాత్రమే. ఒక వస్తువును ఎవరు చేశారు, ఎవరికోసం చేశారు, ఎవరెవరి చేతులు మారి మన దాకా వచ్చింది అన్నది రాసిపెట్టడమే అసలు పని. ఆ రాత లేకపోతే ఎంత విలువైన వస్తువైనా ఊరూ పేరూ లేనిదైపోతుంది.

హైదరాబాద్ నవాబు మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో వారసులు లేకుండా కన్నుమూశారు. ఆయన నివాసమైన దివాన్ దేవిడీ నిండా బిద్రీ పాత్రలు, పింగాణీ, గాజు సామాను, గడియారాలు, నేత బట్టలు. జేమ్స్ కజిన్స్ వంటి కళావిమర్శకులు పూనుకుని వాటిని ఒక క్రమంలో పెట్టారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూగారు సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. వెంటనే పూనుకోబట్టే అంత సంపద ఒక్కచోట మిగిలింది.

ఇంచుమించు అదే కాలంలో గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల పాలన కూడా ముగిసింది. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ నడిచింది. గద్వాల కోటలో కళాశాల వెలసింది. కోటలు చదువులకు నెలవులు కావడం సంతోషమే. అయితే ఆ సంస్థానాల నీడన ఎదిగిన చేతిపనుల చరిత్రను రాసే బాధ్యత మనమీదే ఉండిపోయింది.

గద్వాల చీరనే చూడండి. ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒడలికీ అంచులకూ వేర్వేరు నాడెలు ఆడుతాయి. రెండూ కలిసేచోట పేక పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాత చీర మా చేతికొస్తే ముందుగా చూసేది ఆ కలయికనే. నూలూ పట్టూ నీటికి ఒకేలా ముడుచుకోవు కాబట్టి బలహీనత అక్కడే మొదలవుతుంది. తరువాత చూసేది మడతలు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే జరీ తీగ విరిగి, కింది పట్టు తెగుతుంది. వెలుతురు కూడా శత్రువే. అందుకే మ్యూజియంలో బట్టలమీద 50 లక్స్‌కు మించి కాంతి పడనివ్వం.

ఇంట్లో చీరను కాపాడుకోవడం కష్టమేమీ కాదు. గంజి లేని, ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో చీరను చుట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. ఏడాదికి రెండు మూడుసార్లు తీసి, నీడలో గాలి తగలనిచ్చి, మడత మార్చి పెట్టండి.

చీరను కాపాడితే చాలదు, దాని కథనూ రాయాలి. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే బ్రిటిష్ అధికారి మన దేశపు బట్టల నమూనాలు 700 కత్తిరించి 18 సంపుటాలుగా కూర్చాడు. బ్రిటన్ మిల్లులవాళ్లు చూసి మన అభిరుచికి తగిన బట్ట నేసి మనకే అమ్మాలన్నది దాని ఉద్దేశం. కొలతలు, ధర, దొరికిన చోటు శ్రద్ధగా నమోదయ్యాయి. నేసిన మనిషికి మాత్రం అందులో చోటు లేదు. ఆ లోటు పూడ్చగలిగింది మనమే.

ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి జోడు పంచెలు వెళతాయి. నేతగాళ్లు నియమనిష్ఠలతో నేసే ఆ పంచెలకు మ్యూజియం అవసరం లేదు. ఆ సంప్రదాయం మగ్గం మీద బతికే ఉంది. పెట్టెల్లో ఉన్న పాత చీరల సంగతి అలా కాదు. వాటి కథ తెలిసిన అవ్వలు, తాతలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

అందుకే ఈ సభను ఒకటే కోరుతున్నాను. ఇంటికెళ్లగానే పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి: ఈ చీర ఏ ఊళ్లో నేశారు, ఎవరు నేశారు, ఏ పెళ్లికి కొన్నారు, ఎంత పెట్టారు? తెలిసినంతవరకే రాయండి, ఊహించి రాయకండి. ఆ కాగితాన్ని ఒక కవరులో పెట్టి చీర పక్కనే ఉంచండి. రేపు ఈ మూడు సంస్థానాల ప్రాంతపు చేతిపనులకు మనదైన మ్యూజియం కట్టుకున్నప్పుడు, దానికి మొదటి పునాది రాయి మీరు రాసిన ఆ కాగితమే అవుతుంది.