నడవడియు నైజమును



వంశధార యొడ్డున నున్న శ్రీముఖలింగమే పూర్వపు గాంగరాజుల కళింగనగరమని శాసనసాక్ష్యముతో వాదించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీని వారు జన్మించిరి. వ్యావహారిక భాషోద్యమము వలన వారి పేరు తెలుగునాట నెల్లరకు పరిచితము. నేడు నేను చెప్పబూనినది భాషావాదమును గూర్చి కాదు. పరుల నడవడినిబట్టి వారి నైజమును మనము నిర్ణయించు తీరును గూర్చి. దానికి పంతులుగారి జీవితమందలి యొక విషయము చక్కని దృష్టాంతము.

పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండిన కాలమున వారు మన్యమునకు పోయి సవరభాష నభ్యసించిరి; ఆ భాషలోనే సవరబాలురకు చదువు చెప్పించిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. మన్యమున తిరుగుటచే చలిజ్వరము పట్టగా కొయినా మందు పుచ్చుకొనిరి. దాని వలన వినికిడి చెడినది.

ఈ సంగతి యెఱుగని బాటసారి యొకడు వారిని పలుకరించి, బదులు రాకుండుట చూచి, 'ఈయన కెంత గర్వము!' అని తలచినా డనుకొందము. అతడు కన్నది బదులు రాకుండుట మాత్రమే. గర్వమును కనలేదు; తానే కల్పించుకొన్నాడు. పరులకై పడిన శ్రమకు మిగిలిన గుఱుతే యతని కంటికి దుర్గుణమైనది.

మన విషయమున మాత్రము మనమిట్లు తీర్పు చెప్పము. మనము బదులీయనిచో 'వినబడలే'దందుము. ఎదుటివాడీయనిచో 'గర్వి' యందుము. మన యిబ్బంది మనకు తెలియును. వాని యిబ్బంది మనకు కనబడదు.

1967లో ఎడ్వర్డు జోన్సు, విక్టరు హారిస్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు, క్యూబా నాయకుడైన కాస్ట్రోను సమర్థించు వ్యాసములను, ఖండించు వ్యాసములను విద్యార్థుల కిచ్చి, వ్రాసినవాని నిజాభిప్రాయ మేమై యుండునని యడిగిరి. ఏ పక్షమున వ్రాయవలెనో వానికి ముందే విధించిరని తెలిపినను, చదివినవారు వాని మనస్సు కొంతవఱకైన నా పక్షముననే యున్నదని యూహించిరి. నే నిపుడు గ్రాంథికమున ప్రసంగించుచున్నాను గనుక పంతులుగారి వాదమునకు విరోధి నని మీలో కొందఱు నిశ్చయించియే యుందురు. ఈ ప్రసంగములన్నియు నీ శైలిలోనే యుండవలెనన్నది యిచటి యేర్పాటు!

ఇది నవ్వుకొని విడువదగిన సంగతి కాదు. ఇంట సవర మాటాడు బిడ్డ తెలుగుబడిలో పెదవి విప్పక కూర్చుండును. ఉపాధ్యాయుడు 'మందబుద్ధి' యనుకొన్న నాటినుండి వానిని ప్రశ్నించుట మానును. ప్రశ్నింపబడనివాడు నేర్చుట తగ్గును. తుద కా తీర్పే నిజమైనట్లు తోచును. ఆ బిడ్డయే సంతలో చిల్లర లెక్కపెట్టునపుడు, తోడిపిల్లలతో నాడునపుడు చూడుడు. వాని భాషలో నడిగి చూడుడు. కొఱత బుద్ధిలో లేదు. బడికిని వానికిని నడుమ భాషలో నున్నది.

నడవడి నైజమును తెలుపనే తెలుపదని నా భావము కాదు. పలుతావుల, పలువురియెడ, పలుమాఱు లొకే తీరున నడచువానిని గూర్చి కొంత చెప్పవచ్చును. ఒక్కమాఱు చూచినపుడు మాత్రము, నేను చూచినదేమి, చేర్చినదేమి యని ప్రశ్నించుకొనుట న్యాయము.