గోలు కొట్టనీయని వాడు – జర్నైల్ సింగు చరిత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)

  

పురాణపురుషుల కథలును, దేశనాయకుల జీవితములును వినదగిన ఈ వేదికమీద, కాలితో బంతిని తన్ని పేరుగన్న యొకని చరిత్ర యేల యని పెద్దలు కొందఱు తలంపవచ్చును. అట్లు తలంచువారు భారత కథనే యొకసారి జ్ఞప్తికి దెచ్చుకొనవలయును. కురుకుమారు లాడుకొనుచుండగా వారి బంతి నూతిలో పడెను. ద్రోణుడు తన విద్యచేత దానిని పైకి దీసెను. ఆ బంతి కారణముననే భీష్ముడు ఆయనను గుర్తించి బాలురను ఆయన చేతిలో బెట్టెను. ఆటకును విద్యకును విరోధము లేదని వ్యాసులవారే ఎఱిగింపగా, ఇక శంక యేల?

నేటి కథానాయకుడు జర్నైల్ సింగు. పంజాబీ భాషలో జర్నైల్ అనగా సేనాపతి. పేరు సార్థకమైనది గాని, ఆయన దండెత్తు సేనాపతి గాడు. కోటను గాచు సేనాపతి. ఈ భేదమును ముందుగా తెలిసికొనిన గాని ఆయన గొప్పతనము తెలియదు.

ఫుట్‌బాలు ఆటలో పక్షమునకు పదునొకండుగురు. ముందువరుసలోని వారు ఎదుటివారి గోలుమీదికి బంతిని గొనిపోవుదురు. నడిమివారు బంతిని అందించుచుందురు. వెనుకవారు ఎదుటివారి రాకను అడ్డగింతురు. వారిని బ్యాకులందురు. వారిలోను నట్టనడుమ, తన గోలు వాకిటికి ఎదురుగా నిలుచు వానిని ఆ కాలమున స్టాపరు అనుచుండిరి. ఎదుటిపక్షమునందలి బలాఢ్యుడు నేరుగా వచ్చి తాకునది వీనినే. ఎత్తున వచ్చు బంతిని తలతో త్రిప్పికొట్టవలయును. నేలమీద వచ్చు బంతిని కాలడ్డి లాగికొనవలయును. బంతిని గాక మనిషిని తాకినచో శిక్ష తప్పదు. రెప్పపాటు ఏమఱినను గోలు పడును.

గోలు కొట్టిన వాని పేరు పత్రికల కెక్కును. కాని పడకుండ ఆపబడిన గోలును ఏ లెక్కలో వ్రాయుదురు? జమాఖర్చు తెలిసిన వారి కందఱకును ఈ చిక్కు సులభముగా బోధపడును. వచ్చిన సొమ్ము చిట్టాలో జమ యగును. పోయిన సొమ్ము ఖర్చు వ్రాయబడును. దొంగలు పడకుండ కావలివాడు కాచిన సొమ్మునకు మాత్రము పద్దు లేదు. రక్షకుని జీవితమంతయు అట్టి పద్దులేని కష్టము. అయినను అడ్డగించుట అల్పకార్యము కాదు. పద్మవ్యూహముఖమున సైంధవు డొక్కడు ఒక్క దినము నిలిచి నలుగురు పాండవులను ఆపినందుననే గదా భారతయుద్ధము త్రోవ మఱలినది! అది అధర్మపక్షమున జరిగెను గనుక నిందకు పాత్రమయ్యెను. ధర్మముగా నిలిచి ఆపిన వానిని కొనియాడుట న్యాయము.

జర్నైల్ సింగు 1936వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన, అవిభక్త పంజాబులోని లాయల్‌పూరు ప్రాంతమున జన్మించెను. కాలువలు త్రవ్వి బీడును మాగాణి చేసిన సీమ యది. నేడు పాకిస్తానులో ఫైసలాబాదు అని పిలువబడుచున్నది. 1947లో దేశము రెండైనప్పుడు బాలునకు పదునొకండేండ్లు. పొలము, ఇల్లు, పశువులు సమస్తమును విడిచి లక్షల కుటుంబములు అటునిటు తరలిన యా ఘోరకాలమున ఆయన కుటుంబమును సరిహద్దు దాటి వచ్చి హోషియార్‌పూరు జిల్లా పనామ్ గ్రామమున స్థిరపడెను. తమ వాకిలి తమది కాకుండ పోవుట యెట్టిదో ఎఱిగిన బాలుడు పెద్దవాడై వాకిలి గాచుటయందే కీర్తి గడించుట విధివిలాసము.

ఆ సమీపముననే మాహిల్‌పూరు అను ఊరు కలదు. అచ్చటి ఖాల్సా కళాశాల ఫుట్‌బాలునకు పెట్టినది పేరు. ఊరు చిన్నదైనను అచ్చటినుండి దేశమునకు వచ్చిన ఆటగాండ్రు పెక్కండ్రు. ఆ కళాశాల జట్టులో ఆడుచు జర్నైల్ సింగు పేరు దెచ్చుకొనెను. అనంతరము 1958 ప్రాంతమున కలకత్తా చేరి రాజస్థాన్ క్లబ్బులోను, 1959 మొదలు మోహన్ బగాన్ క్లబ్బులోను ఆడెను. ఆ కాలమున కలకత్తా మైదానమే భారత ఫుట్‌బాలునకు కాశీ. అచ్చటి క్లబ్బుల ఆటలకై జనము తెల్లవాఱకముందే బారులు తీరుచుండిరి. గెలిచిన నాడు పండుగ, ఓడిన నాడు ఇంట పొయ్యి రాజదు. అట్టి జనుల యెదుట, భాష తెలియని దేశమున, పంజాబు పల్లెనుండి వచ్చిన యువకుడు దాదాపు పదియేండ్లు మోహన్ బగాన్ వెనుకవరుసకు వెన్నెముకయై నిలిచెను. 1962 మొదలు 1965 వఱకు వరుసగా నాలుగేండ్లు కలకత్తా లీగును, 1963 మొదలు 1965 వఱకు వరుసగా మూడేండ్లు డ్యూరాండ్ కప్పును ఆ క్లబ్బు గెలుచుకొనెను.

ఈ పంజాబువీరుని కథలో తెలుగునేల పాత్రయు కలదు. ఆ కాలపు భారత జట్టునకు శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబుగారు. ఆయన బడిపంతులుగా జీవితము నారంభించిన వారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలిచెను. భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచినను, మఱుసటి యేట హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియాచేతిలో పదింటికి ఒకటిగా ఓడెను. మనవారు పలువురు అప్పటికింకను వట్టికాళ్లతో ఆడుచుండిరి. ఆ ఓటమినుండి పాఠము నేర్చి, బూట్లు తొడిగించి, నలుగురు వెనుక, ఇద్దఱు నడుమ, నలుగురు ముందు అను నూతన వ్యూహము నేర్పి, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సునందు జట్టును నాల్గవ స్థానమునకు జేర్చిన ఘనత రహీం సాహెబుగారిది. వెనుక నలుగురుండు ఆ వ్యూహమునకు నడుమ కంబము దృఢముగా నుండవలయును. ఆ కంబమే జర్నైల్ సింగు.

1960లో రోము ఒలింపిక్సున మనకు ఎదురైన మొదటి జట్టు హంగరీ. ఆ పోటీలలో కాంస్యము గెలిచిన జట్టది. మనవారు రెండింటికి ఒకటిగా మాత్రమే ఓడిరి. మన గోలు కొట్టినవాడు సికిందరాబాదు బిడ్డయైన తులసీదాస్ బలరాం. తరువాత ఫ్రాన్సుతో చెరియొక గోలుతో సమముగా ముగించిరి. పెరూతో ఓడి ఇంటికి వచ్చిరి. పతకము రాలేదు గాని, ఎనిమిదేండ్లనాడు పది గోలులు తిన్న దేశము మూడాటలలో కలిపి ఆరు గోలులు మాత్రమే ఇచ్చినదనిన, పద్దులేని లెక్క కొంత తెలియును.

ఇక 1962. జకార్తా నగరమున ఆసియా క్రీడలు. జర్నైల్ సింగు జీవితమంతయు ఒక యెత్తు, ఈ పది దినములు ఒక యెత్తు. మొదటి యాటలోనే మనవారు దక్షిణ కొరియాచేతిలో రెండు గోలులతో ఓడిరి. తరువాత థాయిలాండును నాల్గింటికి ఒకటిగా గెలిచిరి గాని, ఆ యాటలో జర్నైల్ సింగునకు తలమీద గాయమై ఆఱు కుట్లు పడెను. ఆ పిమ్మట జపానును రెండు గోలులతో ఓడించి జట్టు సెమీఫైనలునకు చేరెను.

అప్పుడు రహీం సాహెబుగారికి పెద్ద చిక్కు వచ్చిపడెను. ఎత్తున వచ్చు ప్రతి బంతిని తలతో కొట్టవలసినవాడు స్టాపరు. తలకు కుట్లుపడినవానిని అచ్చట నిలుపుట యెట్లు? అట్టివానిని విడిచి ఆడుట యెట్లు? ఆయన ఎవరును ఊహింపని ఉపాయము చేసెను. వెనుక కోటను అరుణ్ ఘోష్‌నకు అప్పగించి, కోటగోడవంటి జర్నైల్ సింగును ముందువరుసలోనికి పంపెను. గోలులు ఆపుటయే వృత్తిగా గలవాడు గోలులు కొట్టు వరుసలో నిలిచెను. దక్షిణ వియత్నాముతో జరిగిన సెమీఫైనలులో మూడింటికి రెండుగా మనవారు గెలిచిరి. రెండు గోలులు నాయకుడు చునీ గోస్వామివి. మూడవది తలకు కట్టుకట్టుకొనిన జర్నైల్ సింగుది.

ఫైనలు సెప్టెంబరు 4వ తేదీన, మరల దక్షిణ కొరియాతోనే. ఆ నాటి పరిస్థితి మిక్కిలి ప్రతికూలముగా నుండెను. ఇజ్రాయెలును, తైవానును రానీయనందున వీనిని ఆసియా క్రీడలనుట తగదని భారతీయ క్రీడాధికారియగు గురుదత్త సోంధీ ఆక్షేపించెను. అందుపై ఇండోనేషియా ప్రజలు ఆగ్రహించి మన రాయబార కార్యాలయముమీదికి కూడ పోయిరి. దాదాపు లక్షమంది నిండిన మైదానమున ప్రేక్షకులలో అత్యధికులు భారత జట్టునకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండిరి. ఆటగాండ్రు చేయని తప్పునకు ఆటగాండ్రు మాట పడవలసివచ్చెను. శిక్షకుని దేహమును అప్పటికే క్యాన్సరు తినివేయుచుండెను. ముందునాటి రాత్రి ఆయన తన శిష్యులను పిలిచి, తనకు కానుకగా ఆ స్వర్ణపతకమును తెచ్చి యిమ్మని అడిగెనని జట్టులోనివారు తరువాత చెప్పుకొనిరి. ద్రోణుడు గురుదక్షిణ యడిగినది తన పగ తీర్చుకొనుటకు. ఈ గురువు అడిగినది దేశమునకు పేరు వచ్చుటకు.

ఆట మొదలైన పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ తొలిగోలు కొట్టెను. ఇరువదవ నిమిషమున జర్నైల్ సింగు రెండవది కొట్టెను. మూడు నిమిషములలో రెండు గోలులు! అటుపిమ్మట కాపుదలయే పని. గోలులో హైదరాబాదున బుట్టిన పీటర్ తంగరాజు, వెనుక అరుణ్ ఘోష్ మున్నగువారు కొరియావారి దాడులను కాచిరి. ఆట ముగియవచ్చిన సమయమున కొరియావారు ఒక గోలు కొట్టగలిగిరి గాని అంతకుమించి సాగలేదు. రెండింటికి ఒకటిగా స్వర్ణము మనది. ఆ జట్టులో బలరాం, యూసుఫ్ ఖాన్, తంగరాజు అను మువ్వురు జంటనగరముల బిడ్డలుండుట తెలుగువారు స్మరింపదగిన విషయము. రహీం సాహెబుగారు మఱుసటి యేడు, 1963 జూను 11న కన్నుమూసిరి. అది మొదలు నేటివఱకు ఆసియా క్రీడల ఫుట్‌బాలు స్వర్ణము మరల భారతదేశమునకు రాలేదు.

ఈ ఘట్టము విని యువకులు పొరపాటు పడరాదు. గాయము దాచి ఆడుటయే శౌర్యమని ఇందలి నీతి కాదు. ఆ దినములలో దెబ్బతిన్నవానికి బదులు వేఱొకనిని దింపు నియమము పెద్దపోటీలలో లేకుండెను. ప్రపంచకప్పులో సైతము అది 1970లోనే వచ్చినది. నేటి వైద్యులు తలకు దెబ్బతగిలిన వానిని వెంటనే మైదానమునుండి తప్పింతురు, అదియే ఉచితము. ఇందలి అసలు నీతి వేఱు. తనకు అలవాటైన చోటు, తనకు కీర్తి తెచ్చిన చోటు మఱియొకనికి విడిచి, జట్టునకు అవసరమైన చోట నిలుచుటకు ఆయన సంకోచింపలేదు. ఆ విడిచిన చోటును అంతే శ్రద్ధతో అరుణ్ ఘోష్ కాచెను. ఒకడు చోటు వదలుటయు, ఒకడు చోటు నింపుటయు తెలిసినప్పుడే పదునొకండుగురు ఒక జట్టగుదురు.

1964లో ప్రభుత్వము జర్నైల్ సింగునకు అర్జున పురస్కార మిచ్చెను. పద్దులేని కష్టమునకు అది యొక పద్దు. 1965 మొదలు 1967 వఱకు ఆయన భారత జట్టునకు నాయకుడయ్యెను. ఆసియాలోని మేటి ఆటగాండ్రను కూర్చిన ఆలస్టార్ల జట్టునకు సైతము నాయకత్వము వహించెను. సుఖమే కాదు, కష్టమును చవిచూచెను: 1966లో బ్యాంకాకు ఆసియా క్రీడలలో మన జట్టు జపానుతోను, ఇరానుతోను ఓడి మొదటి దశలోనే వెనుదిరిగెను. నాలుగేండ్లలో ఇతర దేశములు ముందునకు సాగెను. మనము నిలిచినచోటనే యుంటిమి. ఒక్క కంబము ఎంత దృఢమైనను, ఇంటికప్పు నంతయు మోయజాలదు.

1968 తరువాత ఆయన పంజాబునకు మరలివచ్చి, శిక్షకుడుగాను, రాష్ట్ర క్రీడాశాఖలో అధికారిగాను పనిచేసి, తాను నేర్చినది తరువాతి తరమునకు ఒసగెను. ఆ నాటి క్లబ్బు ఆటగాండ్రకు నేటివలె కోట్ల ధనము లేదు. పేరును, ఒక ఉద్యోగమును దొరకిన చాలునను కాలమది. 2000 సంవత్సరము అక్టోబరు 13న, కెనడా దేశమునందలి వాంకూవరు నగరమున ఆయన పరమపదించెను. లాయల్‌పూరున పుట్టి, పనామ్‌లో పెరిగి, కలకత్తాలో వెలిగి, జకార్తాలో గెలిచి, వాంకూవరున ముగిసిన జీవితమది. గఢ్‌శంకరున ఆయన పేరిట స్మారక పోటీలు జరిగినవి. పల్లెబాలురు ఆ పోటీలలో ఆడినంతకాలము ఆయన మరణించినట్లు కాదు.

సభాసదులారా! ఇరువదియైదేండ్లు ఒక గ్రంథాలయమును నిలుపుట స్టాపరు పనివంటిది. చెదలు పట్టకుండ చూచినవాని పేరు, వాన కారకుండ కప్పు నేయించినవాని పేరు, సాయంకాలము దీపము వెలిగించి తలుపు తీసినవాని పేరు ఏ రిజిస్టరులోను కనబడదు. చెడని పుస్తకమునకు పద్దు లేదు. మూతపడని తలుపునకు పద్దు లేదు. అయినను వారు లేనిచో నేటి ఉత్సవము లేదు. అట్టివారి నందఱను ఈ దినమున తలంచుకొనుటయే జర్నైల్ సింగు చరిత్ర విన్నందులకు ఫలము.

మాహిల్‌పూరు వంటి చిన్న ఊరు ఒక బంతిని, ఒక మైదానమును నమ్ముకొని దేశమునకు వీరుల నిచ్చెను. ఈ గ్రామమునందును గ్రంథాలయము ప్రక్క నొక ఆటస్థలముండి, సాయంకాలము గంటసేపు బంతియు, గంటసేపు పుస్తకమును బాలుర చేతికి వచ్చినచో, స్వర్ణోత్సవ సంచికలో వ్రాయవలసిన పేరు ఈ గ్రామమునందే దొరకవచ్చును.

స్వస్తి.