నాడి తప్పితే చెప్పే గడియారం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరినారు. నేను డాక్టరును కాను. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల ఈ విషయం కొంత చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను. అదే మీ ముందు పెడుతున్నాను.

మా పెద్దన్నకు బీపీ ఉండేది. అప్పుడప్పుడు "గుండె దడదడ అంటోంది రా" అనేవాడు. "ఎండకు తిరిగినావు, మజ్జిగ తాగి పడుకో" అనేవాళ్లం. ఒకరోజు ఫజర్ నమాజుకు వజూ చేసుకుంటుండగా కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రిలో ఈసీజీ తీసి, గుండె లయ తప్పిందని, అక్కడ కట్టిన గడ్డ మెదడుకు పోయిందని చెప్పినారు. ప్రాణం దక్కింది, అల్‌హమ్దులిల్లాహ్. మాట మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. దడ అన్న రోజే మాలో ఒక్కరు నాడి పట్టి చూసి ఉంటే ఎట్లుండునో అన్న బాధ నన్ను వదలలేదు.

ఈ జబ్బును డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండెలో పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు కలవు. కర్ణికలు ఒక పద్ధతిగా ముడుచుకోవలసింది పోయి వణకడం మొదలుపెడితే, రక్తం అక్కడ నిలబడిపోతుంది. మన చెరువు సంగతి మీకు తెలుసు. పారే నీటికి పాచి పట్టదు, మూల నిలిచిన నీటికి పడుతుంది. అట్లే నిలిచిన రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం వచ్చే ప్రమాదం సుమారు 5 రెట్లు ఎక్కువ.

ఇది దొంగ జబ్బు. వస్తుంది, పోతుంది. కొందరికి దడ కూడా తెలియదు. డాక్టరు దగ్గరికి పోయి ఈసీజీ తీయించుకునే వేళకు లయ సరిగానే ఉండవచ్చును. అందువల్లనే రాత్రింబవళ్లు చేతికి ఉండే స్మార్ట్ వాచీ పనికి వస్తోంది. కువైట్, సౌదీలలో పనిచేసే పిల్లలు సెలవుకు వచ్చినప్పుడు తల్లిదండ్రులకు ఇటువంటి వాచీలు తెస్తున్నారు గదా!

ఆ వాచీ వెనుక పచ్చని వెలుగు మినుకుమంటూ ఉంటుంది. రక్తం ఆ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టిన ప్రతిసారీ మణికట్టులో రక్తం పెరిగి తగ్గుతుంది, దానిని బట్టి వాచీ లెక్క కడుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పలుమార్లు క్రమం తప్పితే హెచ్చరిక ఇస్తుంది. 2018 నుండి కొన్ని వాచీలలో రెండవ చేతి వేలు ఆనించి 30 సెకన్లలో ఈసీజీ తీసే ఏర్పాటు కూడా వచ్చింది. తక్కువ ధర వాచీలు చాలావరకు నాడి సంఖ్య మాత్రమే చూపుతాయి. కొనేముందు అడిగి తెలుసుకోవలెను.

దీనిని ఎంతవరకు నమ్మవచ్చును? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఆపిల్ వాచీతో 4,19,297 మందిని పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించినారు. హెచ్చరిక వచ్చింది 2,161 మందికి, అంటే 200 మందిలో ఒకరికి. వారిలో 450 మంది ఛాతీకి అతికించే ఈసీజీ పట్టీ కట్టుకొని తిరిగి పంపగా, 34 శాతం మందిలో జబ్బు కనిపించింది. మిగతావారి విషయంలో వాచీ అబద్ధమాడిందని కాదు. పట్టీ కట్టేది కొన్ని రోజుల తర్వాత, జబ్బేమో వచ్చిపోయేది. పట్టీ ఉన్నప్పుడే వాచీ హెచ్చరించిన సందర్భాలలో 84 శాతం నిజమని తేలింది.

దీనివల్ల మనం నేర్వవలసింది రెండు. హెచ్చరిక వస్తే బెదిరిపోవద్దు, అట్లని "ఏం కాదులే" అనవద్దు. ఆ కాగితమో, ఫోనో తీసుకొని డాక్టరు దగ్గర ఈసీజీ తీయించుకోండి. రెండవది, హెచ్చరిక రాలేదని గుండె బాగుందనుకోవద్దు. వాచీ గుండెపోటును పట్టలేదు. ఛాతీలో నొప్పి వస్తే, మూతి వంకర పోతే, చెయ్యి పడిపోతే, మాట తడబడితే వాచీ చూసుకుంటూ కూర్చోక 108కు ఫోను చేయవలెను. గడ్డ కరిగించే ఇంజక్షను పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపల పడవలెను. చెరువు దాటితే అనంతపురమే, కానీ ఇంట్లో తెల్లవారేదాకా చూద్దామనుకుంటే దగ్గరున్నా ఒకటే, దూరమున్నా ఒకటే.

జబ్బు తేలితే రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలు కలవు. అందరికీ అవసరం పడవు, ఎవరికి కావలెనో డాక్టరే నిర్ణయించవలెను. అవసరమైనవారు సరిగా వాడితే పక్షవాతం ముప్పు సుమారు మూడింట రెండు వంతులు తగ్గుతుంది. ఆస్పిరిన్ దీనికి చాలదు. చిన్నతనంలో కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడినవారికి ఈ జబ్బు చిన్న వయసులోనే రావచ్చును. మన ఆడపిల్లలకు ఆయాసం వస్తే "రక్తం తక్కువ" అని ఊరుకోకుండా ఒకసారి గుండె పరీక్ష చేయించండి. రంజాన్ నెలలో మాత్రలు మీకై మీరు ఆపవద్దు. ముందే డాక్టరును అడగండి. రోగులకు షరీఅత్ వెసులుబాటు ఇచ్చే ఉన్నది.

"సాబ్, కూలికి పోయేవాళ్లకు వాచీ యాడ వస్తుంది?" అని మీరు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్న. మన హకీములు నబ్జ్ పట్టి రోగం చెప్పేవారు. వెయ్యేళ్ల కిందటి ఇబ్న్ సీనా నాడిని గురించి ప్రత్యేకంగా గ్రంథమే రాసినాడు. ఆ విద్యలో కొంచెం మనకూ చాలు. బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి ఒక నిమిషం చూడండి. దెబ్బలు గడియారం మాదిరి సమంగా పడుతున్నాయా, ఒక వరుస లేకుండా పడుతున్నాయా? వరుస లేకపోతే ఈసీజీ తీయించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

చివరగా సంఘానికి ఒక మనవి. నెలకొకసారి జుమా నమాజు తర్వాత ఒక బల్ల వేసి, 65 ఏళ్లు దాటినవారికి, బీపీ, షుగరు ఉన్నవారికి నాడి, బీపీ చూసే ఏర్పాటు చేద్దాం. ఆడవాళ్లకు వేరే రోజు పెడదాం. నేర్చుకున్న పిల్లలు ఇద్దరు చాలు. మొదటి బీపీ మిషను ఖర్చు మా అన్న పేరున నేను భరిస్తాను. ఈ రాత్రి ఇంటికి పోయినాక మీ అమ్మ చెయ్యి, మీ అబ్బా చెయ్యి ఒక్క నిమిషం పట్టుకొని చూడండి. నేను చూడలేకపోయినాను, మీరు చూడండి.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.