కూలిన మ్రాను



2022 మే 30వ తేదీ సాయంకాలమున ఢిల్లీ నగరముపై పెనుగాలి విరుచుకుపడెను. సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రమున గాలివేగము గంటకు సుమారు 100 కిలోమీటర్లుగా నమోదైనది. ఆ గాలి వీచినది కొంతసేపే. అయినను వందలకొలది చెట్లు నేలకొరిగినవి. మహావృక్షము కూలుటకు క్షణము చాలును. దానిని కోసి, చీల్చి, దారి నుండి తరలించుటకు ఎందరి చెమటయో కావలెను. ఆ చెమట కథయే నేటి ప్రసంగ విషయము.

ఢిల్లీ వీధుల చెట్లు తెలుగువారికి క్రొత్తవి కావు. 1911లో రాజధానిని ఇచ్చటికి మార్తురని ప్రకటింపబడిన పిమ్మట, నూతన నగరమును కట్టుచు బాటల కిరుప్రక్కల వరుసలుగా చెట్లు నాటిరి. నాడు రాజపథ్ అనియు, నేడు కర్తవ్య పథ్ అనియు పిలువబడు బాటకు నేరేడు, జనపథ్‌కు తెల్లమద్ది, అక్బర్ రోడ్డుకు చింత. జామున్, అర్జున్, ఇమ్లీ అను పేర్లు వేరైనను ఆకు చూడగనే ఊరి చెరువుగట్టు జ్ఞప్తికి వచ్చును.

ఇట్టి చెట్టు కూలినపుడు కట్టెకొట్టువాడు ముందు గొడ్డలి ఎత్తడు. చుట్టును తిరిగి చూచును. విద్యుత్తు తీగ ఏదైనను చిక్కుకొన్నదా? మ్రాను దేనిపై ఆని యున్నది? ఏ కొమ్మ వంగి యున్నది? వంగిన కొమ్మ ఎక్కుపెట్టిన విల్లు వంటిది. దాని వెలుపలి వైపు సాగి యుండును, లోపలి వైపు నొక్కుకొని యుండును. మొదట లోపలి వైపున కొద్దిగా కోసి, పిమ్మట వెలుపలి వైపున కోత ముగింతురు. తొందరపడి సాగిన వైపునే ఒక్కసారిగా కోసినచో కొమ్మ నిలువునా చీలి, ఎదుట నున్నవానిని కొట్టును.

మ్రానుకును ఇదే న్యాయము. రెండు కొసలును ఆని నడుమ ఖాళీగా నున్నచో పైభాగము నొక్కుకొని రంపమును బిగబట్టును. కనుక పైన కొంత కోసి, తక్కినది క్రిందనుండి కోయవలెను. వ్రేళ్లతో పెల్లగిలిన చెట్టు మరింత ప్రమాదకరము. మ్రానును తెగగోసి బరువు తీసివేయగనే వ్రేళ్లదిమ్మ తిరిగి గోతిలోనికి ఒరుగవచ్చును. ఆ గోతిలో ఎవ్వరును నిలువరాదు.

ఇక బరువు మాట. ఒక మీటరు అడ్డుకొలత, ఒక మీటరు పొడవు గల మొద్దు ఘనపరిమాణము సుమారు 0.79 ఘనమీటరు. పచ్చి గట్టికలప ఘనమీటరు సుమారు ఒక టన్ను తూగును. అనగా ఆ ఒక్క మొద్దే ఏడెనిమిది క్వింటాళ్లు! దానిని ఎత్తలేరు, గునపములతో కదల్చి, అడుగున గుండ్రని కొయ్యలు వేసి, మోకులు కట్టి లాగుదురు. లేదా అచ్చటనే ఇనుప సీలలు దిగగొట్టి పేళ్లుగా చీల్చుదురు. మొద్దు కొసన కనబడు నెరియ వెంట సీల నిలిపి సమ్మెటతో కొట్టినచో కట్టె తన దారిని తానే చూపును. చింతచేవ మాత్రము అంత సులువుగా లొంగదు. మాంసము కొట్టు దిమ్మకు చింతమొద్దును కోరుట అందువలననే.

పచ్చికట్టె బరువులో సగమువరకు నీరే యుండవచ్చును. దానిని పొయ్యిలో పెట్టినచో మంటకన్న పొగ హెచ్చు. అందుచే పేళ్లను గాలి ఆడునట్లు పేర్చి నెలల తరబడి ఎండనిత్తురు. వంటగ్యాసు రాకముందు కట్టెల అడితికి పోయిన గృహిణులు రెండు పేళ్లను ఒకదానితో నొకటి తట్టి చూచెడివారు. ఎండిన కట్టె ఖంగున మ్రోగును. పచ్చికట్టె మూగగా పలుకును.

మరి ఈ కట్టె ఎవరిది? 1994 నాటి ఢిల్లీ వృక్ష సంరక్షణ చట్టము ప్రకారము వృక్షాధికారి అనుమతి లేక చెట్టు కొట్టరాదు. ప్రాణమునకో ఆస్తికో రాకపోకలకో తీవ్రమైన అపాయము పైబడినపుడు వెంటనే కొట్టవచ్చును గాని, 24 గంటలలో తెలుపవలెను. సన్నకొమ్మలను సమీప శ్మశానవాటికకు ఉచితముగా పంపవలెనను నిబంధన అనుమతి పత్రములలో తరచుగా కానవచ్చును. నీడనిచ్చిన చెట్టు కడపటి పయనమునకును తోడగుచున్నది.

గాలి కూల్చిన చెట్లలో మనుష్యుని చేతికిని పాలు కలదు. మొదలు చుట్టును సిమెంటు బిగించినచో వ్రేళ్లకు గాలియు నీరును అందవు. చెట్టు చుట్టు ఒక మీటరు మేర సిమెంటును తొలగింపుమని జాతీయ హరిత న్యాయాధికరణము 2013లోనే ఆదేశించెను. వ్రేళ్లను తెగగొట్టి, గాలిని నిందించుట న్యాయము కాదు.

ఉద్యోగుల కుటుంబములకు మరింత దగ్గరి ఉదంతమొకటి కలదు. సరోజినీ నగర్, నౌరోజీ నగర్, నేతాజీ నగర్ మొదలగు ఏడు ప్రభుత్వోద్యోగుల కాలనీల పునర్నిర్మాణమునకు 2016లో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపెను. వేలాది చెట్లు పోవునని తెలిసి 2018 జూనులో పౌరులు చెట్లను కౌగిలించుకొనిరి. ఢిల్లీ హైకోర్టు కోతను తాత్కాలికముగా నిలిపివేసెను. క్వార్టరు కొరకు ఏండ్లుగా వేచియున్న ఉద్యోగి అవసరము నిజము. ఆ వేపనీడన ఆడుకొని పెరిగిన బిడ్డల బాధయు నిజము. ఒక చెట్టుకు పది మొక్కలు నాటుట ఢిల్లీలోని నియమము. కాని ఆ పది మొక్కలును కలిసి నేటి ఎండలో ఒక్క బాటసారికి నీడ నీయలేవు.

కట్టెకొట్టువాడు గొడ్డలి ఎత్తుటకు ముందు చెట్టు చుట్టును ఒకమారు తిరిగి చూచును. కాగితముపై చెట్టును కొట్టివేయు చేయియు, సంతకమునకు ముందు, అట్లే ఒకమారు తిరిగి చూడవలెను. కూలిన పిదప బరువు మోయువాడు కూలివాడు. నీడ లేని లోటు మోయువారు అందరును.