పట్టా చేతికొచ్చాక మాచ్‌నూర్ దారి

 

ఈ పట్టాల పండుగ జరుగుతున్న నాంపల్లిలో గానీ, పక్కనున్న అబిడ్స్‌లో గానీ ఎంత వెతికినా నాగలి కనిపించదు. రైల్వే స్టేషన్, కోర్టు, లాడ్జీలు, బట్టల షాపులు, ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, అంతే. అయినా ఈ పేటలకూ పొలానికీ పాత చుట్టరికం ఉంది. రాష్ట్ర ఉద్యాన శాఖ చిరునామా ఇక్కడి పబ్లిక్ గార్డెన్సే. 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్ దశాబ్దాల పాటు హైదరాబాద్‌కు పండ్ల మార్కెట్‌గా బతికింది. ఆ వ్యాపారం తర్వాత గడ్డిఅన్నారానికి పోయింది, అక్కడి నుంచి ఊరవతల బాటసింగారానికి. 2020లో ఆ రాతి కట్టడాన్ని శుభ్రం చేసి దీపాలు పెట్టాక జనం మళ్లీ వస్తున్నారు. సెల్ఫీ దిగుతారు, సీతాఫలం ఐస్‌క్రీం తింటారు. ఆ సీతాఫలం ఏ గుట్ట మీద కాసిందో అడిగేవాళ్లు అరుదు. మార్కెట్ తరలిన ప్రతిసారీ రైతు నగరం చూపు నుంచి మరికొంత పక్కకు జరిగాడు.

ఆ రైతు దగ్గరికి చదువును తీసుకెళ్లిన ఒక సంస్థ గురించి ఈ రోజు నాలుగు మాటలు. అది ఇక్కడి నుంచి పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, ముంబై హైవే మీద, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఉంది. పేరు డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. 1983లో మొదలైంది. పెట్టినవాళ్లు చదువుకున్న పట్నంవాళ్లే. వారిలో ముందు నిలిచిన పి.వి. సతీష్ పాత్రికేయుడు, దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసినవారు. 2023 మార్చిలో కన్నుమూశారు. ఆయన పేరు కన్నా సంస్థ ఊళ్లలో కూడగట్టిన మహిళా సంఘాల సభ్యుల పేర్లే ఎక్కువమందికి తెలిసేలా సంస్థను నడపడం ఆయన సాధించిన పెద్ద పని.

ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, పేద రైతులు, కూలీలు. వాళ్లకు దక్కిన భూమి మంచిదేమీ కాదు. పలచటి ఎర్రనేల, రాళ్లు, వాన తప్ప వేరే నీటి దిక్కు లేదు. చాలా చెలకలు ఏళ్ల తరబడి పడావు పడి ఉండేవి. 1990ల మధ్యలో సంఘాలు ఒక పని తలపెట్టాయి. పడావు భూములున్న రైతులకు దున్నడానికి, ఎరువు తోలడానికి, విత్తడానికి అప్పు ఇస్తారు. ఆ అప్పును డబ్బుగా కాకుండా కొన్నేళ్ల పాటు జొన్నలుగా తీర్చాలి. ఆ జొన్నలను ఊళ్లోనే గాదెల్లో దాచి, పని దొరకని నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇస్తారు. ఎవరు ఎంత పేదో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. అలా 2 వేలకు పైగా ఎకరాలు మళ్లీ సాగులోకి వచ్చాయి. రేషన్ అంటే బియ్యం, గోధుమలే అని దేశమంతా అనుకుంటున్న కాలంలో, జొన్న తినే ప్రాంతానికి జొన్న రేషనే ఉండాలని అక్షరం రాని ఆడవాళ్లు ఆచరణలో పెట్టి చూపించారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరపడానికి పాతికేళ్ల ముందటి మాట ఇది.

ఇక పిల్లల చదువు సంగతి. జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూర్‌లో ఈ సంస్థ నడిపిన బడి పేరు పచ్చసాలె. బడి మానేసిన పిల్లలు, పశువులు కాసిన పిల్లలు, కూలికి పోయిన పిల్లల కోసం 1990ల తొలినాళ్లలో పెట్టారు. అక్కడ తెలుగు, లెక్కలు, సైన్స్ ఉండేవి. వాటితో సమానంగా సేద్యం, వడ్రంగం, కుట్టు, కుండలు చేయడం, తాపీ పని, పుస్తకాల బైండింగ్, మూలికా వైద్యం కూడా నేర్పేవారు. మామూలు బడిలో వీటికి "సోషల్లీ యూజ్‌ఫుల్ ప్రొడక్టివ్ వర్క్" అని పేరు పెట్టి వారానికి ఒక పీరియడ్ కేటాయిస్తారు. ఆ పీరియడ్‌ను కూడా లెక్కల మాస్టారే లాక్కుంటారని ఇక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. పచ్చసాలె చేతిపనిని చదువులో సగం చేసింది.

చేలో నేర్చే చదువు ఎలా ఉంటుందో ఒక్క ఎకరం చూస్తే అర్థమవుతుంది. జహీరాబాద్ సంఘాల రైతులు ఒకే చెలకలో జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, మినుము, బెబ్బర్లు, అనుములు, నువ్వులు కలిపి పది, పన్నెండు, ఒక్కోసారి ఇరవై రకాలు వేస్తారు. చూసేవారికి అది కలగాపులగంలా ఉంటుంది. లోపల మాత్రం పక్కా లెక్క. పెసర రెండు రెండున్నర నెలల్లో ఇంటికొస్తుంది. ఆ తర్వాత కొర్ర, దాని తర్వాత జొన్న. కంది సంక్రాంతి దాకా చేలోనే ఉంటుంది. కంది వేరు లోతుకు దిగి, గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. కంది మధ్య జొన్న సాళ్లుంటే పిట్టలు కంకుల మీద వాలి, పనిలో పనిగా కందికాయ తొలిచే పురుగును ఏరుకు తింటాయి. వాన మొదట్లో ఎగ్గొడితే ఒక పంట పోతుంది, చివర్లో ఎగ్గొడితే ఇంకొకటి. అన్నీ పోయే ఏడాది అరుదు. పంటల మధ్య తనంతట తాను మొలిచే తుమ్మికూర, గునుగు, పొన్నగంటి కూడా కూరాకే. కలుపు మందు కొట్టిన చేలో ఆ కూర ఉండదు.

విత్తనం మరో పాఠం. కోతకు ముందే చేనంతా తిరిగి, పుష్టిగా ఉన్న కంకులను వేరుగా కోసి పెడతారు. ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, మట్టి మెత్తిన వెదురు బుట్టల్లో దాస్తారు. విత్తనం లేని ఇంటికి సంఘం అప్పుగా ఇస్తుంది. పంట చేతికి వచ్చాక తీసుకున్నదానికి రెట్టింపు తిరిగివ్వాలి. వడ్డీ ఎక్కువగా అనిపించవచ్చు. శేరు గింజలకు చేలో ఎన్ని శేర్లు పండుతాయో తెలిసినవారికి అలా అనిపించదు.

ఇదే హైవే మీద, పస్తాపూర్‌కు వెళ్లే దారిలోనే, పటాన్‌చెరు దగ్గర 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. మెట్ట పంటల మీద ప్రపంచ స్థాయి పరిశోధన చేసే కేంద్రం, జొన్న మీద పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు పనిచేసిన చోటు. కాస్త ముందుకు వెళితే మట్టి బుట్టల్లో జొన్న రకాలు కాపాడుతున్న ఆడవాళ్లు. ఈ రెండు చోట్ల మధ్య రాకపోకలు ఎంత పెరిగితే అంత మంచిది. జహీరాబాద్ దగ్గరి దిడ్గిలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నడిపే కృషి విజ్ఞాన కేంద్రం ఆ పనికి ఒక వంతెన.

సంఘం ఆడవాళ్లు కెమెరా పట్టారు, రేడియో కూడా పెట్టారు. 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రాసినవారు ఆయనే. ఆ తీర్పు వెలువడిన పదమూడేళ్లకు, పల్లె దళిత మహిళలు నడిపే స్టేషన్‌కు ఆయనే స్విచ్ వేయడం లా చదివిన పట్టభద్రులు గుర్తుపెట్టుకోదగ్గ ఘట్టం. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

జహీరాబాద్ ఒంటరి ఉదాహరణ కాదు. ఖమ్మం వైపు పునుకుల అనే ఊరు పురుగుమందులు మానేసింది. జనగామ జిల్లాలో ఏనెబావి అనే చిన్న ఊరు 2006లో రసాయనాలు లేని గ్రామంగా ప్రకటించుకుంది. ఈ ఊళ్ల వెనుక హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం వంటి సంస్థలు ఉన్నాయి. అనంతపురం కరువు సీమలో చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990లో బీడు భూమి కొని మొదలై, పిల్లల బడులు, రైతుల సహకార సంఘం దాకా ఎదిగింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఇంకో అడుగు వేసింది. వ్యవసాయ డిగ్రీ పూర్తయిన యువతను ఊళ్లలో కాపురముంచి, కౌలుకు భూమి పట్టి స్వయంగా ప్రకృతి సేద్యం చేయమంది. తాను పండించి చూపని సలహా రైతు వినడని దానికి అర్థమైంది. ఆ సంస్థ నడిపే ప్రకృతి సేద్య కార్యక్రమం 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిని భూసార శాస్త్రవేత్త రతన్ లాల్‌తో, ఈజిప్టుకు చెందిన సెకెమ్‌తో కలిసి పంచుకుంది. సెకెమ్ 1977లో కైరో దగ్గరి ఎడారి ఇసుకలో పొలంగా మొదలైంది. ఇప్పుడు దానికి బడి ఉంది, సొంత విశ్వవిద్యాలయమూ ఉంది.

అయితే ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. అమెరికాలోని మిల్వాకీలో విల్ అలెన్ 1990లలో మొదలుపెట్టిన గ్రోయింగ్ పవర్ నగర యువతకు సేద్యం నేర్పడంలో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఆయనకు 2008లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. అదే సంస్థ అప్పుల్లో కూరుకుపోయి 2017లో మూతపడింది. మంచి పని చేస్తున్నామన్న తృప్తి ఖాతా పుస్తకంలో జమ కాదు. మన దగ్గర కూడా 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక్క హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. రసాయనాలు లేకుండా పండించిన కందికి మామూలు కంది ధరే వస్తే ఆ రైతు కొడుకు పట్నం బస్సు ఎక్కుతాడు. సేద్యం చేసే అబ్బాయికి పిల్లను ఇచ్చేది లేదని మొహం మీదే చెప్పే రోజులివి. ఈ మాట అనే తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లు లెక్క చూసే మాట్లాడుతున్నారు. ఆ లెక్క మారాలి.

మరి నగరంలో డిగ్రీ తీసుకున్నవాళ్లకు ఇందులో పనేమిటి? అందరూ రైతులు కానక్కర్లేదు. ఉద్యోగం మానేసి శంకర్‌పల్లిలో ఫామ్‌హౌస్ కొని, రెండు ఆవులను కట్టేసి, ఆర్గానిక్ అని బోర్డు పెట్టడం సేద్యానికి చేసే సేవ అసలే కాదు. పిల్లలను ఒక పూట పొలంలోకి దింపి, నాలుగు నాట్లు వేయించి, ఫోటోలు తీసి తీసుకురావడం విహారయాత్ర కిందికే వస్తుంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం 1979-80లోనే చివరి ఏడాది విద్యార్థులను ఒక పంటకాలం రైతుల మధ్య ఉంచే పద్ధతి తెచ్చింది. తక్కిన కోర్సులకు ఆ భాగ్యం దక్కలేదు. బీకామ్ విద్యార్థికీ లా విద్యార్థికీ అలాంటి పంటకాలం ఎందుకు ఉండకూడదో విద్యాసంస్థలు ఆలోచించాలి.

ఎందుకంటే పని బోలెడు ఉంది. కంపెనీల చట్టానికి 2002లో వచ్చిన సవరణతో రైతులు సొంతంగా ఉత్పత్తిదారుల కంపెనీలు పెట్టుకోవచ్చు. వాటిలో చాలా కంపెనీలు పంట పండించలేక కుంటుపడలేదు. ఆడిట్లు, రిటర్నులు, స్టాకు రిజిస్టర్లు చూసే మనిషి లేక కుంటుపడ్డాయి. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం రైతుకు తన విత్తనం దాచుకునే, పంచుకునే, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకునే హక్కు ఇచ్చింది. ఆ సంగతి తెలిసిన రైతులు ఎంతమంది? నాంపల్లి కోర్టు వరండాల్లో రేపటి నుంచి తిరగబోయే యువ న్యాయవాదులు ఆ చట్టాన్ని తెలుగులో నాలుగు పేజీలకు కుదించి ఊళ్లలో చదివినా మేలే. రసాయన శాస్త్రం చదివినవారు నేలలో సేంద్రియ కర్బనం కొలవగలరు, కూరల్లో మందుల అవశేషాలు పట్టగలరు. కంప్యూటర్ చదివినవారు సేంద్రియ ధ్రువీకరణ ఫారాలతో కుస్తీ పడుతున్న సంఘాలను ఒడ్డెక్కించగలరు.

ఇలాంటి పని పట్టభద్రులకు కొత్త కాదు. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేయించాలనుకుంది. దానికి డబ్బు కావాలని పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక ప్రదర్శన పెట్టింది. చేతిలో ఉన్న మూలధనం రెండున్నర రూపాయలని చెబుతారు. అదే ఇప్పుడు ఏటా నాంపల్లిలో జరిగే నుమాయిష్. 1946లో ఇప్పటి మైదానానికి మారింది. దాన్ని నడిపే సొసైటీ లాభం పంచుకోదు, వచ్చిన రాబడితో కాలేజీలు నడుపుతుంది. లాభాపేక్ష లేని సంస్థ లెక్కల్లో గట్టిగా ఉంటే ఎన్ని దశాబ్దాలు నిలబడగలదో ఈ నాంపల్లిలోనే చూడొచ్చు.

ఊరికి పోలేనివారికి డాబా ఉంది. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మీద పెంచిన మిద్దెతోట వేలమందిని ఆ దారి పట్టించింది. రెడ్‌హిల్స్‌లోని ఉద్యాన శిక్షణ సంస్థ నగరవాసులకు ఇంటి పంటల మీద తరగతులు నడిపింది. హాస్టల్ వార్డెన్లను బతిమాలి అయినా డాబా మీద పది తొట్లు పెట్టొచ్చు.

ఊరికి పోగలిగినవారికి మాత్రం ఒక మనవి. జహీరాబాద్ సంఘాలు ఏళ్ల తరబడి సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర చేస్తూ వచ్చాయి. అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాల కుండలు ఊరూరా తిరుగుతాయి. వచ్చే జనవరిలో ఒక రోజు అక్కడికి వెళ్లండి. ఏదైనా ఒక బండి దగ్గర నిలబడి ప్రతి గింజ పేరూ అడిగి రాసుకోండి. తర్వాత జూన్‌లో, మృగశిర కార్తెకు, మీ డిగ్రీతో చేయగల ఒక పనిని ఒప్పుకుని ఏదైనా ఒక రైతు సంఘం దగ్గరికి వెళ్లి, కంది ఇంటికొచ్చేదాకా మధ్యలో వదలకుండా చేసి పెట్టండి.