తెర మీద మన పెద్దల ముఖాలు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మారిషస్‌లోని మన కుటుంబాల పాత ఫోటోలను ఉగాది నాడు తెర మీద చూపే పని మా నలుగురికి అప్పగించి ఇది మూడవ సంవత్సరం. మాలో ఎవరమూ ఫోటోగ్రాఫర్లం కాము. మొదటి ఏడు మేము చేసిన పొరపాటుతోనే మాట మొదలుపెడతాము. నేర్చుకున్నదంతా దానినుంచే కనుక.

ఒక పెళ్ళి గుంపు ఫోటోలోనుంచి ఒక ముత్తవ్వ ముఖాన్ని మాత్రం కత్తిరించి తెర నిండుగా వేశాము. ముందు వరుసలో ఆమె కూతురే కూర్చుని ఉంది, ఎనభై దాటిన మనిషి. "ఎవర్రా అది?" అని మనవణ్ణి అడిగింది. కన్నతల్లిని కూతురు పోల్చుకోలేకపోయింది. తప్పు ఆమె కళ్ళది కాదు, మాది.

ఏమి జరిగిందంటే, ఆ ఫోటోను ఎవరో సెల్‌ఫోన్‌తో తీశారు. అది వాట్సాప్‌లో ఒకరినుంచి ఒకరికి తిరిగి మా చేతికి వచ్చింది. మామూలుగా పంపితే వాట్సాప్ బొమ్మను కుదిస్తుంది. మాకు చేరేసరికి ఆ ముఖం వెడల్పు సుమారు 90 చుక్కలు, అంటే పిక్సెళ్ళు. తెర ఎత్తు 1080 చుక్కలు. దాన్ని అంతకు లాగాము. జేపెగ్ పద్ధతి బొమ్మను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల గడులుగా విడదీసి కుదిస్తుంది. లాగేసరికి ఆ గడులే బయటపడ్డాయి. ముత్తవ్వ ముఖం మీద పదకొండు గడుల చొప్పున ముగ్గు వేసినట్లయింది.

రెండవ ఏడు మాలో ఒక కుర్రవాడు కృత్రిమ మేధతో ఆ బొమ్మను బాగుచేయించి తెచ్చాడు. కనురెప్పలు కూడా లెక్కపెట్టవచ్చు, అంత స్పష్టం. మాకందరికీ సంతోషమే. అవ్వ చూసి, "బాగుంది, ఎవరి పిల్ల?" అన్నది. వాళ్ళమ్మ చెంపల మీద చిన్నప్పుడు అమ్మోరు పోసిన మచ్చలు ఉండేవట. యంత్రం వాటిని చెరిపేసింది, గడ్డం కూడా మార్చింది. అది పోయినదాన్ని వెదకి తేలేదు. ఎన్నో ముఖాలను చూసిన అలవాటు కొద్దీ, ఇక్కడ ఇలా ఉండవచ్చునని ఊహించి గీసింది. పూలకుండీ అయితే పోనీ అనుకుందుము. తల్లి ముఖం అట్లా ఊహించేది కాదు గదా!

అందుచేత ఇప్పుడు మేము అసలు ఫోటో దగ్గరికే వెళ్ళుతున్నాము. అవ్వగారి ఇంటికి స్కానరు మోసుకుపోయాము. పెట్టె అడుగున, చీరల మధ్య, ఫోటో భద్రంగా ఉంది. అందులో ముత్తవ్వ ముఖం ఒక సెంటీమీటరు ఎత్తు. అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే దానికి 236 చుక్కలు వస్తాయి, 1200 చొప్పున అయితే 472. ఇంకా పెంచితే కాగితం గరుకుతనమే తప్ప ముఖం రాదు. ప్రింటులో లేనిది స్కానరు పుట్టించలేదు. 472 చుక్కల ముఖాన్ని తెర ఎత్తులో సగానికి లోపుగానే నిలిపి, పక్కన పెళ్ళి గుంపు మొత్తం పెట్టాము. చిన్నదే, అయినా నిజంగా కనబడుతుంది. మొన్న ఇంట్లో చూపిస్తే అవ్వ ఏమీ అడగలేదు, వేలితో మచ్చలు చూపించింది.

స్కాన్ చేసిన ఫైలును టిఫ్‌గా దాచి, దాన్ని ముట్టుకోము. నకలు మీదనే పని. ముందుగా స్లైడులో ఎంత కనబడాలో అంతకే కొలత తగ్గిస్తాము, ఆ తరువాతనే పదును పెడతాము, అదీ కొంచెమే. పదును అంటే అంచుల దగ్గర నలుపును మరింత నలుపు, తెలుపును మరింత తెలుపు చేయడమే. ఎక్కువైతే చీర అంచు చుట్టూ తెల్లని గీత దీపంలా వెలుగుతుంది. పవర్‌పాయింట్ కూడా దాచేటప్పుడు బొమ్మలను తనంతట తాను కుదిస్తుంది. ఆప్షన్లలో అడ్వాన్స్‌డ్ అనే చోట, బొమ్మలను కుదించవద్దని చెప్పే గడిలో ముందే టిక్ పెట్టాలి. మేము ఒకసారి మరచి, రాత్రంతా చేసిన పని మళ్ళీ చేశాము.

కొన్ని కుటుంబాలకు మిగిలిన అతి పాత ముఖం కూలీ టికెట్టు మీదిదే. 1867 చట్టంతో, ఒప్పందం ముగిసిన కూలీలు ఫోటో అంటించిన టికెట్టు దగ్గర ఉంచుకోవలసి వచ్చింది. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి వలస దస్తావేజులు, ఫోటోలు ఉన్నాయి. అక్కడినుంచి తెచ్చుకున్న నకలును గోడకు తగిలించిన అద్దంలోనుంచి సెల్‌ఫోన్‌తో తీసి పంపకండి. అద్దంలో మీ దీపమే కనబడుతుంది. టికెట్టు మీది చేతిరాతను పీఎన్‌జీగా దాచండి. జేపెగ్‌లో అక్షరాల చుట్టూ మురికి పడుతుంది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మొదటి ఏడు మసకలో కొంత భాగం ప్రొజెక్టరు కటకానిది. ఎవరమూ దాని ఉంగరం తిప్పి చూడలేదు! ఇప్పుడు ముందురోజే వెళ్ళి, సన్నని అక్షరాల స్లైడు వేసి, చివరి వరుసలో కూర్చుని సరిచూస్తాము. ప్రొజెక్టరును తెరకు ఎదురుగా పెడతాము. ఓరగా పెట్టి వంకర సరిచేసే మీట నొక్కితే బొమ్మ మళ్ళీ సాగి పదును పోతుంది.

వచ్చే ఆదివారం ఉదయం గుడి పక్క గదిలో స్కానరు పెడుతున్నాము. ఫోటోలు చట్రంతో సహా తీసుకురండి. అద్దానికి అంటుకుపోయిన వాటిని మీరు ఊడదీయవద్దు, అలాగే తెండి. ఇంట్లోనుంచి కదల్చలేనివి ఉంటే చెప్పండి, మేమే వస్తాము. సెల్‌ఫోన్‌తోనే తీయవలసివస్తే కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీసి, వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. వెనుక ఎవరి పేరైనా రాసి ఉంటే ఆ వైపు కూడా తీయండి.