ఊరి పేరు సరిగ్గా రాయించండి
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సర్వీసంతా ఆరోగ్యశాఖలో రిజిస్టర్లు రాసిన మనిషిని. ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. మందుల సంగతి డాక్టర్లు చెబుతారు. నేను కాగితాల సంగతి మనవి చేస్తాను.

మా బావగారు కూనవరం మండలంలో టీచరుగా చేసి రిటైరయ్యారు. నోట్లో పుండు లేచి మానలేదు. భద్రాచలంలో, ఖమ్మంలో చూపించి, చివరికి హైదరాబాదు తీసుకువెళ్లాం. క్యాన్సర్ అన్నారు. అడ్రసు అడిగితే, ఉత్తరాలు అందుతాయని మా మేనల్లుడు కూకట్‌పల్లిలో తానుండే అద్దె ఇంటి అడ్రసు చెప్పాడు. పక్కనే ఉన్న నేను కూడా కాదనలేదు. రెండేళ్లకు బావగారు సొంత ఊళ్లోనే కాలం చేశారు. ఆసుపత్రికి మేమెవరమూ తెలపలేదు. అప్పటికే మేనల్లుడు ఇల్లూ మారాడు, ఫోన్ నంబరూ మారింది. ఆ రికార్డులో మా బావగారు ఈనాటికీ కూకట్‌పల్లి నివాసి అయి ఉంటారు. ఉన్నారో లేదో తెలియని మనిషి అయి ఉంటారు. ఆ తప్పు ఆసుపత్రిది కాదు, మాది.

ఈ లెక్క ఎందుకంటారా? భారత వైద్య పరిశోధన మండలి 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం ప్రారంభించింది. 1982 నుంచి బెంగళూరు, బొంబాయి, మద్రాసుల్లో జనాభా రిజిస్ట్రీలు, చండీగఢ్, డిబ్రూగఢ్, తిరువనంతపురంలలో ఆసుపత్రి రిజిస్ట్రీలు పనిచేశాయి. ఆసుపత్రి రిజిస్ట్రీ తన గడప తొక్కిన రోగులను లెక్కిస్తుంది. ఏ దశలో వచ్చారు, ఏ చికిత్స చేశారు, తర్వాత ఏమైందీ చెబుతుంది. జనాభా రిజిస్ట్రీ ఒక ప్రాంతంలో నివసించేవారిలో ఎందరికి జబ్బు వచ్చిందో చెబుతుంది. అందుకోసం దాని సిబ్బంది ఆసుపత్రులు, ల్యాబులు, మరణాల నమోదు కార్యాలయాలు తిరుగుతారు. 2020లో వెలువడిన జాతీయ నివేదికకు 28 జనాభా రిజిస్ట్రీలు, 58 ఆసుపత్రి రిజిస్ట్రీలు వివరాలిచ్చాయి. అందులో తెలంగాణ నుంచి ఉన్న జనాభా రిజిస్ట్రీ హైదరాబాదు జిల్లాది. మన అడవి అంచు ఊళ్ల సంగతి ఆ పట్టికల్లో కనపడదు. మనం పిల్లల అడ్రసులు రాయిస్తే, మన జబ్బు కూడా హైదరాబాదు ఖాతాలోకే పోతుంది. పట్టికలో లేని ఊరికి పరీక్షల శిబిరం కావాలని ఏ ఆధారంతో అడుగుతాం?

రిజిస్ట్రీ ఫారంలో పేరు, వయసు, స్థిర నివాసం, అక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నదీ, జబ్బు తేలిన తేదీ, అది బయాప్సీతో తేలిందా స్కానింగుతోనా, శరీరంలో ఏ చోటు, ఏ రకం కణం, ఏ దశ, ఏ చికిత్స అన్నవి ఉంటాయి. ప్రతి చోటుకూ అంతర్జాతీయ కోడ్ ఉంది. గట్టి అంగిలి అయితే సి05.0, ఊరికే 'నోరు' అని రాస్తే సి06.9. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పును నోటిలోపల పెట్టి అడ్డపొగ తాగుతారు. ఆ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం బయటపడింది చోటును విడిగా రాసుకున్నందువల్లనే.

ఇక పేర్లు. మన భద్రాచలం చుట్టుపక్కల రామయ్య, సీతమ్మ లేని ఊరుండదు. ఒక సీతమ్మ మూడు ఆసుపత్రులకు వెళితే ముగ్గురిగా లెక్కకు రావచ్చు. ముగ్గురు సీతమ్మలు ఒక్కరైపోవచ్చు. ఇంటిపేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు, ఊరు ఉంటేనే వేరు చేయగలరు. ఊరితోనూ చిక్కే. కూనవరం ఖమ్మం జిల్లాలో ఉండేది. 2014లో తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. భద్రాచలం 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఊరు కదలలేదు, జిల్లాయే మారింది. అందుకే గ్రామం, మండలం తప్పక చెప్పాలి. రహస్యం బయటపడుతుందన్న భయం అక్కర్లేదు. నివేదికల్లో అంకెలే అచ్చవుతాయి, పేర్లు కావు.

చివరగా నాలుగు మనవులు. ఒకటి, పిల్లల అడ్రసు ఉత్తరాల కోసం ఇవ్వండి, నివాసం మాత్రం సొంత ఊరే చెప్పండి. రెండు, బయాప్సీ రిపోర్టు జిరాక్సు తీయించి, ఏ ఆసుపత్రికి వెళ్లినా చూపించండి. మూడు, ఆసుపత్రి నుంచి ఎలా ఉన్నారని ఫోన్ వస్తే విసుక్కోకండి. నంబరు మారితే తెలపండి. నాలుగు, మనిషి పోతే 21 రోజుల్లో నమోదు చేయించండి. కారణం దగ్గర 'వృద్ధాప్యం' అని సరిపెట్టకుండా ఉన్న జబ్బు చెప్పండి. వైద్యం చేసిన ఆసుపత్రికీ ఒక మాట తెలియజేయండి.

ఫారాలు నింపడం మన చేతి విద్య. చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి ఒక కోయ సోదరుడు పట్నం ఆసుపత్రికి బయలుదేరితే, ఒక చీటీ మీద పేరు, తండ్రి పేరు, గ్రామం, మండలం రాసి చేతికివ్వండి. మా బావగారికి నేను చేయలేకపోయిన పని అదే.